ధ్రువాల దారిలో కొలువు.. డోసు లెక్క ఎవరి దగ్గర?

ఎక్స్‌రే గదిలో పనిచేసే టెక్నీషియన్ చొక్కాకు చిన్న బ్యాడ్జీ ఒకటి ఉంటుంది. మూడు నెలలకోసారి దాన్ని పరీక్షకు పంపి, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క కడతారు. బళ్లారి అయినా బరంపురం అయినా నిబంధన ఒకటే. మరి 11, 12 కిలోమీటర్ల ఎత్తున ధ్రువం మీదుగా విమానం నడిపేవారి మాటేమిటి?

2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వాన మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు ఎయిరిండియా విమానం తెచ్చారు. దాదాపు 17 గంటల ప్రయాణం. దేశమంతా చప్పట్లు కొట్టింది. కొట్టాల్సిందే. అయితే ఆ దారిలో తగిలే కాస్మిక్ కిరణాల ఊసు ఎవరూ పెద్దగా ఎత్తలేదు.

అంతరిక్షం నుంచి వచ్చిపడే ఈ కిరణాల నుంచి మనల్ని కాపాడేవి రెండు గొడుగులు. ఒకటి భూమి అయస్కాంత క్షేత్రం, రెండోది గాలి పొర. ధ్రువాల దగ్గర మొదటిది పనిచేయదు. పైకి పోయేకొద్దీ రెండోది పలచబడుతుంది. రెండూ ఒకేచోట కరువైతే దెబ్బ ఎక్కువే.

దక్షిణ ధ్రువంలోని అమెరికా కేంద్రం అముండ్‌సెన్-స్కాట్ 2,835 మీటర్ల ఎత్తున ఉంది. ఫ్రాన్స్, ఇటలీల కాంకోర్డియా 3,200 మీటర్లు దాటింది. చలికాలంలో నెలల తరబడి అక్కడికి విమానాలు రావు. వంటవాడైనా, శాస్త్రవేత్త అయినా అక్కడే ఉండాలి. మన మైత్రి, భారతి కేంద్రాలు తక్కువ ఎత్తులో ఉన్నాయి కనుక అక్కడివారికి ఈ బెడద తక్కువ. మనవాళ్లకు సంబంధించి అసలు ప్రశ్న విమాన సిబ్బందిదే.

ధ్రువప్రాంతాల మీద ఆ ఎత్తులో గంటకు సుమారు 5 మైక్రోసీవర్టులనుకుందాం. ఏడాదికి 800 గంటలు అలా ఎగిరితే 4 మిల్లీసీవర్టులు. సాధారణ పౌరుడికి అదనంగా తగలొచ్చని పెట్టిన హద్దు ఏడాదికి 1. రేడియేషన్ కార్మికులకు మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20. అంటే ప్రమాద ఘంటికలు మోగించాల్సిన పనిలేదు. అలాగని వదిలేసే అంకె కూడా కాదు. గర్భిణి ఉద్యోగి విషయంలో కడుపులో బిడ్డకు హద్దు 1 మిల్లీసీవర్టే. కొన్ని దూరప్రయాణాలతోనే అది దగ్గరపడుతుంది. పైగా సూర్యుడు రేగితే లెక్క మారిపోతుంది. 2012 జనవరి సౌర తుపానుకు కొన్ని విమానాలను ధ్రువమార్గం నుంచి మళ్లించారు.

విమాన సిబ్బందిలో కొన్ని రకాల క్యాన్సర్లు ఎక్కువని అధ్యయనాలున్నాయి. దానికి కారణం ఈ కిరణాలేనా, రాత్రి డ్యూటీలా అన్నది తేలలేదు. తేలలేదు కాబట్టే లెక్క రాసి ఉంచాలి. రాయకపోతే ముప్పై ఏళ్ల తర్వాత తేల్చడానికి ఆధారమేది?

ఐరోపా సంఘం 1996లోనే ఆదేశం ఇచ్చింది. ఏటా 1 మిల్లీసీవర్టు దాటే వీలున్న సిబ్బందికి యాజమాన్యమే డోసు అంచనా వేయాలి, ఎక్కువ తగిలినవారి డ్యూటీలు సర్దాలి, ముప్పు గురించి వాళ్లకు చెప్పాలి. అమెరికా సలహాలతో సరిపెట్టింది. మనం పట్టాల్సింది ఐరోపా దారి. ఇందుకు ఒంటికి బ్యాడ్జీలు కూడా అక్కర్లేదు. దారి, ఎత్తు, తేదీ ఇస్తే డోసు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములు ఎప్పటినుంచో ఉన్నాయి.

హోసూరు, బళ్లారి, కోలారుల నుంచి మన పిల్లలు బెంగళూరు విమానాశ్రయం చూసే కలలు కంటున్నారు. రేపు యూనిఫాం వేసుకున్నప్పుడు జీతం స్లిప్పుతో పాటు ఏడాదికోసారి డోసు స్లిప్పు కూడా అడగాలి. అడక్కముందే ఇప్పించే బాధ్యత పౌర విమానయాన డైరెక్టరేట్‌ది.