తొట్టి కొలతకు చేప పెరుగుతుందా?

ఇంట్లో చేపల తొట్టి పెడితే ఐశ్వర్యం వస్తుందనీ, అందులో చేప చస్తే ఇంటిమీదికి రావలసిన కీడును అది మోసుకుపోయిందనీ చెప్పే వాస్తు పండితులు మనకు కొత్త కాదు. డబ్బు వస్తే చేప మహిమ, చేప చచ్చినా చేప మహిమే. రాబడీ లాభమే, నష్టమూ లాభమే! రక్షణ శాఖ లెక్కల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఇలాంటి లెడ్జరు నా బల్లమీదికి వస్తే అబ్జెక్షన్ రాసి వెనక్కి పంపేవాణ్ణి.

కానీ ఇప్పుడు నేను రాయదలచుకున్నది పండితుల గురించి కాదు, మనవాళ్ల గురించి.

డెహ్రాడూన్‌లో స్థిరపడిన మిత్రుడొకరు పక్కా హేతువాది. ఇంట్లో నాలుగడుగుల గాజుతొట్టిలో బంగారు మహశీర్ పిల్లను పెంచుతున్నారు. వాస్తు కోసం కాదు, ముచ్చటపడి. ఇప్పుడది జానెడుంది. పెద్దదైతే ఏం చేస్తారని అడిగాను. "ఆ భయం లేదు గురువుగారూ, చేప తొట్టిని బట్టే పెరుగుతుంది. అది సైన్సే కదా" అన్నారు.

ఎక్కడి సైన్సు? మహశీర్ హిమాలయ నదుల చేప. చల్లగా, తేటగా, రాళ్లమీద ఉరికే నీళ్లు దానికి కావాలి. పురుగులు, నాచు, చిన్న చేపలు, దొరికినదల్లా తింటుంది. వానాకాలంలో గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది పైకి పోతుంది. 54 కిలోల దాకా తూగినట్లు రికార్డులున్నాయి. ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో అది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి.

చిన్న తొట్టిలో చేప సరిగా పెరగదన్న మాట నిజమే. అయితే అది తొట్టిని కొలుచుకుని ఆగిపోవడం కాదు. చేప వదిలే వ్యర్థం ప్రధానంగా అమోనియా, అదీ మొప్పల ద్వారా. ఏట్లో అయితే కొట్టుకుపోతుంది. తొట్టిలో బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నీళ్లు మార్చకపోతే ఆ నైట్రేట్ అక్కడే పేరుకుంటుంది. మురికి నీళ్లు, చాలని ఆక్సిజన్, కదలడానికి చోటు లేకపోవడం, వీటితో చేప గిడసబారుతుంది. తిండి లేక ఎదగని పిల్లవాణ్ణి చూసి 'ఇంటికి తగ్గట్టు పెరిగాడు' అంటామా? పైగా చచ్చిన చేపలు ఈ లెక్కలోకి రావు. బతికిన ఒక్కదాన్ని చూపించి నియమం రుజువైందంటారు. తాయెత్తులు అమ్మేవాడి లెక్కా ఇదే.

(దీనికి విరుగుడుగా కొందరు చేపల ప్రియులు 'ఒళ్లు ఆగినా లోపలి అవయవాలు పెరుగుతూనే ఉంటాయి, చివరికి పగిలి చస్తుంది' అని భయపెడతారు. దానికీ ఆధారం లేదు. మంచి పని కోసం చెప్పినా అబద్ధం అబద్ధమే.)

బజారులో గంగాళంలో గంటల తరబడి బతికే కొర్రమీనును చూసి అన్ని చేపలూ అంతే అనుకుంటాం. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చగలదు. మహశీర్‌కు ఆ ఏర్పాటు లేదు, నీటిలో కరిగిన ఆక్సిజనే దిక్కు. 15 డిగ్రీల నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. నీరు వెచ్చనయ్యేకొద్దీ చేపకు కావలసిన ఆక్సిజనేమో పెరుగుతుంది. మే నెలలో రెండు గంటలు కరెంటు పోతే చాలు.

పెద్ద తొట్టి కట్టిస్తానంటారా? లెక్క వేద్దాం. చేప పొడవు రెట్టింపైతే బరువు దాదాపు ఎనిమిదింతలు. ఇప్పటి తొట్టి నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, అంతే లోతు. తొమ్మిది ఘనపుటడుగులు, అంటే 255 లీటర్లు. మూడడుగుల చేప ఒకటిన్నర అడుగుల వెడల్పులో వెనక్కి తిరగడమెలా? ఎనిమిదడుగుల పొడవు, మూడు వెడల్పు, మూడు లోతుతో కట్టిస్తే నీళ్లే రెండు టన్నులు. చదరపు మీటరుకు తొమ్మిది వందల కిలోలు. మన దేశపు ప్రమాణాల్లో ఇంటి గదికి లెక్కగట్టే భారం 200 కిలోలు. నీళ్లను చల్లబరిచే యంత్రం, దాని కరెంటు బిల్లు వేరే.

హరిద్వార్, రిషికేశ్ ఘాట్లలో భక్తులు ఈ చేపలకు పిండి ఉండలు వేస్తారు, అక్కడ పట్టనివ్వరు. ఆ భక్తి ఘాటు దాటితే పనిచేయదు, చేపకేమో పై ఏరంతా కావాలి. అయినా ఒప్పుకోక తప్పదు, భక్తుడు దాన్ని పారే నీళ్లలోనే ఉంచాడు. మన హేతువాది గాజు పెట్టెలో పెట్టాడు.

ఆయన్ను నదిలో వదలమని చెప్పలేదు. తొట్టిలోని రోగాలు నదికి చేరతాయి. ఏ ఏటి సంతతో తెలియని చేపను వేరే ఏట్లో కలపకూడదు కూడా. రాష్ట్ర మత్స్యశాఖను గానీ, భీంతాల్‌లో మహశీర్ పిల్లలను పుట్టించి పెంచే కేంద్ర శీతలజల మత్స్య పరిశోధన సంస్థను గానీ అడగమని ఉత్తరం రాశాను. పై లెక్కంతా జత చేశాను. తొట్టిని బట్టి చేప ఆగుతుందని ఆయనకింకా నమ్మకముంటే, ఈ రోజు పొడవు స్కేలుతో కొలిచి తేదీ వేసి పెట్టమన్నాను. ఆర్నెల్లకొకసారి నాకు పంపమన్నాను.