వలస కూలీ ఓటు: తెలంగాణ ముఖ్య ఎన్నికల అధికారికి బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని తార్నాక చుట్టుపక్కల కట్టుబడి పనులు, హోటల్ వంటగదులు చాలావరకు పాలమూరు, బిహార్, ఒడిశా కూలీల మీదే నడుస్తాయి. వీరిలో ఎక్కువమంది ఓటు సొంత ఊళ్లోనే ఉంటుంది. పోలింగ్‌కు వెళ్తే కూలీ పోతుంది, ఛార్జీలు మీద పడతాయి. ఓటు లేని బస్తీలో ఏ పార్టీ ప్రచార రథమూ ఆగదు (ఆగితే జెండాలు మోయించడానికే). కనీస వేతనం అడిగే నాయకుడూ ఉండడు. ఉన్న చోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసేలా 2023 జనవరిలో ఎన్నికల కమిషన్ దూర ఓటింగ్ యంత్రాన్ని చూపబోతే ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో తార్నాక ఉన్న సికింద్రాబాద్ నియోజకవర్గంలో పోలింగ్ సగానికి చేరలేదు. దాన్ని బద్ధకమనడం తేలిక; ఇక్కడ నమోదు కాని కూలీలు ఆ లెక్కలోకే రారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టల్‌లో ఉండే విద్యార్థి తన విద్యాసంస్థ ధ్రువీకరణతో ఇక్కడే ఓటరుగా నమోదు కావచ్చు. అద్దె కాగితం లేని కూలీకి అది అంత తేలిక కాదు. గూడులేని వారిని బూత్ స్థాయి అధికారి రాత్రివేళ చూసి నిర్ధారిస్తే నమోదు చేసే పద్ధతిని కూలీల షెడ్లకూ వర్తింపజేయాలి.