గురి కుదిరితే

నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో బాక్సింగులో ప్రపంచ విజేత అయినప్పుడు మా ఇందల్వాయిలోనూ తల్లిదండ్రులు మురిసిపోయారు. కాని సొంత కూతురు పిస్తోలు నేర్చుకుంటానంటే మాత్రం, "ఆడపిల్లవు, నీకు తుపాకీతో ఏం పని బిడ్డా?" అని ఉలిక్కిపడతారు. పిస్తోలంటే మనకు తెలిసింది సినిమాలో దుండగుడి చేతిలోదే మరి!

పోటీ పిస్తోలు దారి వేరు. పది మీటర్ల పోటీలో వాడేదాంట్లో మందుగుండు ఉండదు. బిగబట్టిన గాలే 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును తోస్తుంది. బరువు కిలోన్నర దాటరాదు. కొయ్యపిడిని ఆటగాడి అరచేతికి అమిరేటట్లు చెక్కి సరిచేస్తారు. ఒంటిచెయ్యి చాచి అరవైసార్లు కాల్చాలి. గురి నడిమి వలయం అడ్డం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత!

ద్రోణుడు అడిగితే అర్జునుడు పక్షి తల తప్ప మరేమీ కనబడటం లేదన్నాడట. ఇక్కడ ఆ జవాబు చెల్లదు. గొట్టం కొసనున్న చిన్న మొన, వెనుకనున్న గాడిలో సమంగా, తేటగా కనబడాలి. దూరాన ఉన్న గురి మసకగానే ఉండాలి. కన్ను రెంటినీ ఒకేసారి తేటగా చూడలేదు. మొన ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే గుండు సుమారు 30 మిల్లీమీటర్లు తప్పిపోతుంది.

హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ఈ విద్యలో 2018లో, పదమూడేళ్లకే, జాతీయ పోటీల్లో మను భాకర్, హీనా సిద్ధూలను మించి పెద్దల విభాగంలో గెలిచింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది.

మనం పిల్లలకు ఎప్పుడూ దూరపు నల్లచుక్కనే చూపిస్తాం: ర్యాంకు, ఉద్యోగం, అమెరికా. చేతిలోని పుస్తకం మసకబారినా పట్టించుకోం. ఆ పిల్లకు చేయి వణికితే తప్పెవరిది?

తెలుగులో గురి అంటే లక్ష్యమే కాదు, నమ్మకం కూడా. గురి కుదిరితే గుండు మల్లయ్య అన్నారు పెద్దలు. పిస్తోలు ధర, గుండ్ల ఖర్చు, శిక్షణ కోసం హైదరాబాదు ప్రయాణాలు మధ్యతరగతి ఇంటికి బరువే. మోయగలమా లేదా అన్నది ఎవరి ఇంటి లెక్క వారిది. లెక్క కుదరక వద్దంటే పిల్ల అర్థం చేసుకుంటుంది. భయపడి మాత్రం వద్దనకండి.