శ్వాసము చప్పుడా? బల్లమీది స్పీకర్‌ఫోనును గూర్చి ఒక మనవి

కొన్నేండ్ల క్రిందట ఒక మౌఖిక పరీక్షలో నేనొక విద్యార్థినికి అన్యాయము చేసినాను. తెలిసి చేసినది కాదు. అయినను చేసినవాడను నేనే. ఆ సంగతి చెప్పక ఈ వ్యాసములోని విషయమును చెప్పుట కుదరదు గనుక ముందుగా దానినే విన్నవించుకొందును.

పరీక్ష కంప్యూటరు ద్వారా జరిగినది. పరీక్షకులము ముగ్గురము కర్నూలులో ఒక గదిలో కూర్చున్నాము. విద్యార్థిని కడపలో మరొక గదిలో ఉన్నది. రెండుచోట్లను బల్లమీద పెట్టు స్పీకర్‌ఫోను ఉన్నది. చూచుటకు చిన్న అప్పచ్చివలె గుండ్రముగా నుండి, మైకు, స్పీకరు రెండును తన కడుపులోనే దాచుకొన్న పరికరమది. (దీనికి ధ్వనివిస్తారకమని పేరు పెట్టవలెనని ఒక యువమిత్రుడు సూచించినాడు. జనము స్పీకర్‌ఫోననుచున్నారు, నేనును అదే అందును.) ఆ అమ్మాయి లఘుకౌముదినుండి కొన్ని సూత్రములకు వృత్తి చెప్పి, రఘువంశమునుండి కొంత భాగము చదివినది. అర్థము చక్కగా చెప్పినది. కాని మహాప్రాణములన్నియు అల్పప్రాణములుగా వినవచ్చినవి. విరామమువద్ద విసర్గ లేనేలేదు. శకార సకారములకు భేదము తెలియలేదు. ఉచ్చారణ శిథిలమని వ్రాసి మార్కులు తగ్గించినాను. తక్కిన ఇద్దరును నా వయస్సునకు మన్నన చేసి కాబోలు, సంతకము పెట్టినారు. ఆ మార్కులతో ఆమెకు ప్రథమశ్రేణి తప్పినది.

కొన్ని నెలల తరువాత ఒక సభలో ఆమె నా యెదుట నిలిచి అదే భాగమును చదివినది. ఒక్క ఘోషమహాప్రాణము జారలేదు. విసర్గలు ఒకదానివెంట ఒకటి ముత్యములవలె రాలినవి. "అమ్మా, ఇంత త్వరలో ఎట్లు దిద్దుకొంటివి?" అని అడిగినాను. "గురువుగారూ, ఆ పొద్దు కూడా నేనిట్లే చదివినానండీ" అన్నది. ఆమె గొంతులో నిష్ఠూరమైనను లేదు. అంతకుముందే మార్కుల పట్టిక వెలువడినది. దానిని మార్చుటకు మార్గము లేదనిరి.

నేను చదువుకొన్నది మట్టి మిద్దెలో. దూలములు, దంతెలు, పైన చౌడు మట్టి, క్రింద పేడతో అలికిన నేల. ఆ గదిలో మాట పలికినచోటనే పలికి ఆగిపోయెడిది, మరల గోడనుండి వచ్చెడిది కాదు. మా గురువుగారు కన్నులు మూసికొని కూర్చుండియే ఎవని విసర్గ కుంటినదో చెప్పెడివారు. అట్టి శిక్షణ పొందిన చెవి ఒక గుండ్రని డబ్బా మాటను నమ్మి మోసపోయినది. ఎందుచేతనని తెలిసికొనవలెనను పట్టుదలతో, ఇంజనీరింగు చదివిన నా మనుమనిచేత పాఠము చెప్పించుకొన్నాను.

అతడు చెప్పినదానిలో నాకు మొదట పట్టుపడినది ఇది. ఈ పరికరములోను, కంప్యూటరులో మాటాడించు ప్రోగ్రాములోను 'నాయిస్ సప్రెషన్' అను ఏర్పాటు కలదు. గదిలోని ఫ్యాను రొద, కూలరు హోరు మొదలగువానిని గుర్తించి అణచివేయుట దాని పని. మాటను నిలిపి, చప్పుడును తొలగించును. మరి మాటయేది, చప్పుడేది? సాధారణ సంభాషణలో కంఠనాదముతో కూడినది మాట. నాదము లేక ఊపిరిమాత్రమైనది గాలిచప్పుడునకు మిక్కిలి దగ్గర. ఇక్కడ నేను ఉలికిపడినాను. తైత్తిరీయ ప్రాతిశాఖ్యము వర్ణోత్పత్తిని చెప్పుచు కంఠము సంవృతమైనప్పుడు నాదమని, వివృతమైనప్పుడు శ్వాసమని, రెంటి నడుమ హకారమని విభజించినది. అఘోషవర్ణములకు శ్వాసమే ఉపాదానము. విసర్గ, జిహ్వామూలీయము, ఉపధ్మానీయము, ఊష్మములు, ఖ ఫ ఆదుల మహాప్రాణాంశము, ఇవన్నియు శ్వాసముతో కట్టిన ఇండ్లు. యంత్రము చప్పుడని ఊడ్చివేయగోరునది మనవారు వర్ణమునకు మూలద్రవ్యమన్నదానికి ఇంత చేరువగా నున్నది. ఇంగ్లీషులోనో వాడుక తెలుగులోనో ఆ ఊపిరి కొంత పోయినను అర్థము పోదు. సంస్కృతమున 'ఫలము' 'పలము'గా మారినచో పండు పోయి మాంసము వచ్చును.

రెండవది తంత్రి వెడల్పు. పాత టెలిఫోను సెకనుకు 300 మొదలు 3400 కంపనములవరకు గల ధ్వనినే మోసెడిది. సకారపు బలము అధికభాగము 4000కు పైన ఉండును. తాలవ్య శకారపు బలము దానికంటె క్రిందనే మొదలగును. పై భాగమును కోసివేసిన దారిలో ఈ రెంటికిని ఎడబాటు తగ్గుట సహజము. నేటి కంప్యూటరు మాటలకు ఇంత ఇరుకు లేదు. 2012లో ప్రమాణముగా వెలువడిన ఓపస్ అను సంకేతపద్ధతి 20,000 కంపనములవరకు మోయగలదు. అయినను పరికరమును బ్లూటూత్‌తో కలిపినప్పుడు, మైకు పనిచేయునపుడెల్ల అది పెక్కుచోట్ల 8,000 లేక 16,000 నమూనాల ఇరుకు దారిలోనికి దిగును. 8,000 నమూనాలతో 4,000 కంపనములకు మించి మోయుట అసాధ్యము. నాడు కడపలోని పరికరమునకు తీగ లేదని తరువాత తెలిసినది.

మేము ఒక చిన్న పరీక్ష చేసినాము. వ్యాకరణము చదువుమని తండ్రి కొడుకునకు చెప్పు చాటుశ్లోకము మనకందరకును తెలిసినదే. అందలి జంటలనే తీసికొన్నాము: స్వజన, శ్వజన, సకల, శకల, సకృత్, శకృత్. నేను బండల గదిలో కూర్చుండి వరుస మార్చి మార్చి పలుకగా, మనుమడు వేరొక ఊరినుండి విని వ్రాసికొన్నాడు. బ్లూటూత్‌తో, చప్పుడునణచు ఏర్పాటుతో, ఫ్యాను క్రింద చేసిన మొదటి విడతలో అతని పట్టిక చూచి ఇద్దరమును నవ్వుకొన్నాము. నా బంధువులలో చాలమంది కుక్కలైరి. తీగ తగిలించి, ఆ ఏర్పాటు మాన్పించి, పరికరమును జానెడు దూరమునకు తెచ్చి చేసిన రెండవ విడతలో తప్పు అరుదైనది. "తాతయ్యా, మారినది నీ గొంతు కాదు" అన్నాడు వాడు.

ఒక విశేషము నన్ను ఆశ్చర్యపరచినది. స్వరము చెడలేదు. ఉదాత్తానుదాత్తస్వరితములు పాత టెలిఫోనులోకూడ తెలియును. పురుషకంఠపు మూలకంపనము సుమారు 100, 150 మాత్రమే గదా, 300కు క్రింది భాగమును కోసివేసిన దారిలో అది ఎట్లు తెలియును? మూలము పోయినను దాని గుణిజములు మిగులును, వాని ఎడములనుబట్టి చెవి మూలమును తానే కట్టుకొనునట. కావున త్వష్ట చేసిన ఇంద్రశత్రు దోషము ఈ యంత్రమువలన కలుగు భయము తక్కువ. స్వరమును కాపాడి వర్ణమును మ్రింగుట దీని లక్షణము. సుస్వరముగా వినబడుచున్నది గనుక అంతయు సరిగానే వచ్చుచున్నదని వినువాడు నమ్మును. నేను నమ్మినాను.

పాణినీయశిక్ష అధమపాఠకులను ఆర్గురిని చెప్పినది. వారిలో శీఘ్రియు అల్పకంఠుడును ఉన్నారు. యంత్రము మంచి పాఠకుని ఈ రెండు వేషములలో చూపగలదు. దూరముగా కూర్చున్నవాడు అల్పకంఠుడగును. సంకేతములు దారిలో ఆగి మరల ఒక్కుమ్మడిగా వచ్చునపుడు మాటలు ఒకదానినొకటి తరుముకొని వచ్చును. చదువువాడు శీఘ్రి యగును.

ఇక మన ప్రాంతపు ఇండ్ల సంగతి. కర్నూలు కడప సీమలో నాపరాతికి కొదువ లేదు. నేల బేతంచెర్ల బండలు, అరుగు కడప బండలు, కొన్ని పాత ఇండ్లలో కప్పుకూడ బండలే. వేసవికి చల్లగా ఉండును. ధ్వనికి మాత్రము ఇది అద్దాల మేడ. మాట మైకునకు ఒకమారు నేరుగాను, గోడ, నేల, కప్పుల మీదుగా పలుమారులును చేరును. ఒక వర్ణపు తోక మరుసటి వర్ణపు తలపై పడును. పరికరము దానిని దిద్దబోయి అసలు వర్ణమునే గీకివేయును. నాకు కుదిరిన వైద్యము చవుకైనది: పరికరము క్రింద నాలుగు మడతల బొంత, ఎదుటి గోడకు మరొక బొంత, నేలమీద జంపకానా. పుస్తకముల బీరువా వెనుక నున్నచో మరింత మేలు. మైకునకు దూరము సగము చేసినచో నేరుగా వచ్చు ధ్వని ఆరు డెసిబెల్లులు పెరుగును, గోడలనుండి వచ్చునది పెరుగదు. కావున రెండడుగులలోపల కూర్చుండుట అన్నింటికంటె ముఖ్యము. ఫ్యాను ఆపుమని మే నెలలో ఎవరికిని చెప్పలేను. తలపైనుండి కాక ప్రక్కనుండి వీచు బల్లఫ్యానును మైకునకు తగులకుండ పెట్టుకొనవచ్చును.

పరికరమును అమర్చుటలో అధ్యాపకులు తరచుగా చేయు పొరపాటు ఒకటి కలదు. మైకుగా స్పీకర్‌ఫోనును ఎంచుకొని, ధ్వని వినుటకు కంప్యూటరులోని స్పీకరునే విడిచిపెట్టుదురు. ప్రతిధ్వనిని తొలగించుటకు పరికరము చేయు పని ఏమనగా, తాను పలికించిన ధ్వని మైకులోనికి ఎట్లు తిరిగివచ్చునో అంచనా కట్టి దానిని తీసివేయుట. పలికించినది వేరొకటి యైనచో అంచనాకు ఆధారమే లేదు. కావున మైకు, స్పీకరు రెండింటికిని ఆ ఒక్కదానినే ఎంచుకొనవలెను. ప్రోగ్రాములో చప్పుడునణచు ఏర్పాటును తగ్గించవలెను. జూమ్‌లో గాయకులకై 'ఒరిజినల్ సౌండ్' అను వెసులుబాటు కలదు, పాఠమునకు అదియే తగినది. ఒకే గదిలో రెండవ ఫోను అదే సభలో తెరచి ఉండరాదు, కూత పుట్టును. తక్కినవి పిల్లలు చెప్పుదురు.

ఎంత చక్కగా అమర్చినను సంత మాత్రము సాగదు. గురువు ఒకమారు చెప్పగా శిష్యులు రెండుమారులు ఏకకంఠముగా చెప్పుట సంత. మాట ఒక కొననుండి మరొక కొనకు చేరుటకు 150 మిల్లీసెకనులు మించరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘపు సూచన. సంభాషణకు అది చాలును. నలుగురు శిష్యులు నాలుగు ఊళ్ళనుండి కలిసి పలుకవలెనన్నచో అంత ఆలస్యమైనను పెక్కువ. పైగా గురువు చివరి అక్షరము ముగియకముందే శిష్యుడు అందుకొన్నచో నాసిరకపు పరికరము ఒక్కరినే వినిపించి రెండవవారి ఆద్యక్షరమును కోసివేయును. నేను ఒక్కొక్కరిచేత చెప్పించి, నడుమ ఒక ఊపిరి విడుపు ఉంచుచున్నాను. వేదాధ్యయనమునకు ఇది చాలదు, కౌముదీపాఠమునకు చాలును.

అయినచో ఈ పరికరమును బహిష్కరింపవలెనా? నా తరమువారు కొందరు గురుముఖమే ప్రమాణమని, యంత్రముఖము అప్రమాణమని అందురు. నేను వారితో ఏకీభవింపను. కర్నూలునుండి కడపకు సుమారు 200 కిలోమీటర్లు. ఒక శాస్త్రము చెప్పగలవారు ఈ సీమలో ఒకరిద్దరైన చోట, ఆదోని విద్యార్థి ప్రొద్దుటూరు పండితుని ఎట్లు చేరవలెను? 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను వచ్చినపుడు పాఠము ఆగక సాగినది ఈ దారినే. నేటికిని ఇద్దరు శిష్యులకు నేను తెల్లవారుజామున ఈ డబ్బా ముందే కౌముది చెప్పుచున్నాను. పంక్తి లగ్నమగుటకు, శంక తీరుటకు, వాదమునకు దీనివలన లోపము లేదు. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చి తాళపత్రములను సరిచూపించినాడు. ఆ పండితుల వ్రాతలు మనకు దక్కినవి. వారు పద్యమును ఎట్లు చదివిరో ఒక్క నిమిషమైనను దక్కలేదు. ఈనాటి వృద్ధపండితుల గొంతులను సరిగా పట్టి ఉంచుటకు సాధనము చేతిలో ఉండగా దానిని అంటరాదనుట అవివేకము.

నా ఆక్షేపణ ఒక్కటే. ఉచ్చారణవిషయమున ఈ యంత్రము చెప్పు సాక్ష్యమును పరీక్షలో స్వీకరింపరాదు. స్వీకరింపవలసివచ్చినచో పరీక్షార్థి ప్రక్కన చెవియారా వినగల అధ్యాపకుడొకడు కూర్చుండవలెను, ఉచ్చారణకు మార్కులు ఆయనయే వేయవలెను. పరీక్షకు ముందు ఆ అధ్యాపకుడు తాను ఎరిగిన జంటపదములను పలికి, దూరమున నున్న పరీక్షకులకు ఏమి వినవచ్చినదో వ్రాయించి సరిచూడవలెను. ఐదు నిమిషముల పని. ఆ ఐదు నిమిషములు ఆనాడు మేము వెచ్చించియుండినచో ఆమె ప్రథమశ్రేణి ఆమెకుండెడిది. ధ్వనిని అక్కడికక్కడే వేరొక ఫోనులో ముద్రించి ఉంచుటయు మేలు, వివాదము వచ్చినపుడు మరల వినవచ్చును.

ఈ మాటలను సంబంధించిన అధికారులకు లేఖగా వ్రాసినాను, ప్రత్యుత్తరమునకై ఎదురుచూచుచున్నాను. అంతవరకు నేను పరీక్షకుడనైన చోట్ల ఈ పద్ధతినే కోరుదును. అంగీకరింపనిచోట తక్కిన గడులను నింపి, ఉచ్చారణ గడిలో అంకె వేయక, 'వినుటకు వీలు కాలేదు' అని వ్రాసి సంతకము పెట్టుదును.