ఉద్దానమునకు విశ్వవిద్యాలయ పరిశోధనాలయము కావలెను



1921వ సంవత్సరము మే మాసమున, కెనడాదేశపు టొరంటో విశ్వవిద్యాలయములో మెక్లియడ్ ఆచార్యుని ప్రయోగశాలయందు బాంటింగ్, బెస్ట్ అను యువకులిరువురు కుక్కలపై ప్రయోగములకు పూనుకొనునాటికి, తీవ్రమధుమేహముపాలైన బాలునకు వైద్యులు చూపగల దారి, ఆహారమును మిక్కిలి తగ్గించి ఆయువును కొన్నినాళ్లు పొడిగించుట యొక్కటియే. ఏడాది తిరుగకమునుపే ఆ దుస్థితి మారినది. 1922 జనవరి 11వ తేదీన పదునాలుగేండ్ల బాలునికిచ్చిన తొలి ఇంజెక్షను, మందు పరిశుద్ధము కానందున ఫలింపలేదు. కాలిప్ అను రసాయనవేత్త దానిని శుద్ధిచేయగా, 23వ తేదీన మరల ఇచ్చినంతనే రక్తములోని చక్కెర తగ్గి బాలుడు తేరుకొనెను. అదియే ఇన్సులిన్. దాని పేటెంటు హక్కును పరిశోధకులు తలకొక డాలరు పుచ్చుకొని విశ్వవిద్యాలయమునకు ధారపోసిరి.

ఇది కొందరి ప్రతిభావిశేషము మాత్రమే యని తలపరాదు. ప్రయోగశాలయు, రసాయనజ్ఞుడును, అనుబంధమైన ఆసుపత్రియు, మందు తయారుచేయు కన్నాట్ శాలలును ఒకే విద్యాపీఠపు అండనుండుటచే, రోగి మంచముకడ తేలిన లోపము పండ్రెండు దినములలో సవరింపబడెను. అంతకుమించి, క్లోమమును తొలగించిన కుక్కకు మధుమేహము కలుగునని మింకోవ్‌స్కీ, వాన్ మెరింగులు 1889లోనే నిరూపించియుండిరి. మూలము తెలిసియుండుటచేతనే మందు దొరికినది.

మన శ్రీకాకుళపు ఉద్దానమునకు ఆ మొదటిమెట్టే యింకను కొరవడియున్నది. కవిటి, సోంపేట, కంచిలి, మందస ప్రాంతములలో కొబ్బరి, జీడితోటల నడుమ కష్టించి బ్రదుకువారి మూత్రపిండములు ఏల క్షీణించుచున్నవో నిస్సంశయముగా చెప్పగలవారు నేటికిని లేరు. నీటిలోని ఖనిజములా, ఎండలో చెమటోడ్చు శ్రమయా, పురుగుమందులా, నొప్పిమాత్రలా, వంశపారంపర్యమా, లేక ఇవన్నియు కలిసియా? ఈ వ్యాధికై పలాసలో ఆసుపత్రియు పరిశోధనాకేంద్రమును వెలసినవి గదా, ఇంకేమి కావలెనని కొందరడుగవచ్చును. అవి కావలసినవే, వెలసినందుకు సంతోషమే. కాని డయాలసిస్ ప్రాణమును నిలుపునేగాని వ్యాధిమూలమును చూపదు. మూలము తెలియనిదే రేపటితరమునకు రక్షణ లేదు.

కావున మా కోరికలివి. ఆంధ్ర విశ్వవిద్యాలయము, శ్రీకాకుళపు అంబేడ్కర్ విశ్వవిద్యాలయము, ఆంధ్ర వైద్యకళాశాల ఏకమై, పలాస కేంద్రముతో చేయికలిపి, వైద్యులు, రసాయనజ్ఞులు, భూగర్భజలశాస్త్రజ్ఞులు, జన్యుశాస్త్రజ్ఞులు ఒక్కచోట పనిచేయు శాశ్వత పరిశోధనాలయమును ఉద్దానమునందే స్థాపింపవలెను. వ్యాధి బయటపడినవారినేగాక, నేడు ఆరోగ్యముగానున్న యువకులను సైతము ఏటేట పరీక్షించి, ఎవరికెప్పుడు, ఏ పరిస్థితులలో క్షీణత మొదలగునో కనిపెట్టవలెను. రక్తమును, మూత్రమును నమూనాలుగా ఇచ్చిన ప్రతి పల్లెకును, ఆ యేటి పనిలో ఫలించినదేది, విఫలమైనదేది, వ్యయమెంత అను వివరములు తెలుగులో ముద్రించి గ్రామసభయందు చదివి వినిపింపవలెను. వైఫల్యమును దాచని సంస్థయే మరుసటి యేడు ముందడుగు వేయగలదు. ఇచట కనుగొనబడు పరీక్షగాని మందుగాని ప్రజల సొత్తై యుండవలెను.

గ్రామపెద్దలారా, అధ్యాపకులారా, విద్యార్థులారా! రాబోవు గ్రామసభలో ఈ కోరికలను తీర్మానముగా నెగ్గించి, దాని ప్రతులను విశ్వవిద్యాలయముల పాలకమండళ్లకును, మీ శాసనసభ్యునికిని పంపుడు. ప్రత్యుత్తరము వచ్చువరకు అడుగుట మానకుడు.