అడవి పందుల బెడద: కరెంటు తీగ కాదు, ఉమ్మడి కంచె కావాలి

వేరుశనగ కాయ ఊరేవేళ, మొక్కజొన్న కంకి పాలుపోసుకునేవేళ పందుల మంద చేలో పడిందంటే తెల్లారేసరికి ఏం మిగులుతుందో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అవి తినేదానికంటే తొక్కి, పెళ్లగించి పాడుచేసేదే ఎక్కువ. ఇది అడవి అంచు పల్లెల బాధ మాత్రమే అనుకునే రోజులు పోయాయి. చెరువు గట్టు తుమ్మల్లోనూ, వాగు పొదల్లోనూ పందులు కాపురం పెట్టాయి.

ఈ నష్టం పట్టాదారు ఒక్కడిదే కాదు. చేను పోతే కాయ కోసే పని, కంకి విరిచే పని పోతుంది. కూలి తల్లులకు ఆ సీజను పనిదినాలు తెగిపోతాయి. కౌలు రైతు సంగతి మరీ దారుణం. పంట పందుల పాలైనా కౌలు మాత్రం భూమి ఆసామికి కట్టాల్సిందే.

దిక్కుతోచని రైతు ఏం చేస్తున్నాడు? మోటారు కరెంటు నుంచి తీగ లాగి చేను చుట్టూ కడుతున్నాడు. పంది చస్తుందని కట్టిన తీగకు మనిషి చస్తున్నాడు. తెల్లవారుజామున నీళ్లు కట్టబోయిన పాలేరు, గొర్రెల వెనక పోయిన కాపరి, కొన్నిచోట్ల తీగ కట్టిన రైతే బలవుతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ చావుల వార్తలు రాని పంటకాలం లేదు. ఇలా తీగ పెట్టడం నేరం. కానీ కేసు పెట్టి చేతులు దులుపుకుంటే సమస్య తీరదు. గతిలేక కట్టిన తీగను మాన్పించాలంటే గతి చూపించాలి.

ఇక్కడ ఒక తేడా అందరూ తెలుసుకోవాలి. ఇంటి కరెంటు 230 వోల్టులు ఆగకుండా పారుతుంది. పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోయి వదిలించుకోలేము. సోలారు కంచె అలాంటిది కాదు. 12 వోల్టుల బ్యాటరీతో నడిచే యంత్రం సుమారు సెకనుకోసారి, సెకనులో అతి స్వల్ప భాగం మాత్రమే దెబ్బ కొడుతుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది, ప్రాణం పోదు. అయితే ప్రమాణముద్ర ఉన్న యంత్రమే వాడాలి. దానికి కరెంటు లైను నేరుగా కలిపితే అదీ మృత్యుపాశమే. తీగకు గడ్డి తగిలితే దెబ్బ తగ్గుతుంది, కాబట్టి కలుపు తీస్తూ ఉండాలి.

చిన్న రైతుకు ఇది అందేదెలా? ఒక లెక్క చూడండి. నలుచదరపు ఎకరం చుట్టూ కంచె సుమారు 835 అడుగులు. పక్కపక్కనున్న 4 ఎకరాలను కలిపి కడితే ఎకరానికి 417 అడుగులు చాలు. 16 ఎకరాలను కలిపితే ఎకరానికి 209 అడుగులే. పది అడుగులకో గుంజ వేస్తే ఒంటరి ఎకరానికి 84 గుంజలు, ఉమ్మడి కంచెలో ఎకరం వాటాకు 21. అంటే ఖర్చు నాలుగో వంతుకు దిగుతుంది. పొలాలన్నీ నలుచదరంగా ఉండవు, నిజమే. అయినా కలిస్తే తగ్గుతుందన్న సూత్రం మారదు. ఖర్చు తలకింత అని కాదు, ఎకరానికింత అని పంచుకోవాలి. లేకుంటే పదెకరాల ఆసామి కంచెకు అరెకరం కూలివాడు డబ్బు కట్టినట్టవుతుంది.

సోలారు కంచె వచ్చేదాకా చేతిలో ఉన్న ఉపాయాలు వదలొద్దు. పంది దూకేదానికంటే కిందినుంచి దూరేదే ఎక్కువ. కనుక కింది తీగలు దగ్గర దగ్గరగా, నేలకు బిగించి కట్టాలి. వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం కొన్ని సాళ్లు వేయడం శాస్త్రవేత్తలు కూడా సిఫారసు చేసిన పద్ధతే. రేగుకంప, తుమ్మకంప కంచెలు, మంచె మీద వంతులవారీ కావలి మన పెద్దలకు తెలిసినవే. నాలుగైదు సెంట్లలో కూరగాయలు వేసుకునే కూలి కుటుంబానికి కంప, పాత చీరలతో కట్టిన దడి కొంత కాపు. కోతులను మాత్రం ఈ దడి ఆపలేదు.

చట్టం ఏమంటోంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. పంటకు ప్రమాదమైతే వేటకు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే అధికారం 11వ సెక్షను కింద అటవీ అధికారులకు ఉంది. కేరళ 2022లో ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అందేట్టు చేసింది. కానీ కాల్పులొక్కటే మందు కాదు. బీహారులో 2015లో, ఉత్తరాఖండులో 2016లో అడవి పందిని హానికర జంతువుగా ఏడాదిపాటు ప్రకటించారు. బెడద తీరిపోలేదు. హిమాచల్ ప్రదేశ్ మరో దారి పట్టింది: సోలారు కంచెకు ఒంటరి రైతుకు 80 శాతం, కలిసి కట్టుకునే రైతులకు 85 శాతం సబ్సిడీ పెట్టింది. ఉమ్మడి కంచెకు ఎక్కువ ఇవ్వడమే ఇందులో మనకు పాఠం.

అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి పంటల బీమాలో అదనపు రక్షణగా చేరుస్తామని 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. 72 గంటల్లో ఫోటోలతో ఫోనులో తెలపాలట! ఫోనున్నా కాగితం లేని కౌలుదారు పరిస్థితి ఏమిటి? ఆంధ్రప్రదేశ్ 2019 సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డుకు భూమి యజమాని ఒప్పుకోలు కావాలి. ఆయన సంతకం పెట్టడు, బీమా రాదు.

అందుకే కూలి సంఘాలు, రైతు సంఘాలు కలిసి పోరాడాలి. ఉమ్మడి సోలారు కంచెకు సబ్సిడీ కావాలి. పరిహారం పట్టాదారుకు కాదు, సాగుచేసినవాడికే ఇవ్వాలి. కందకాలు, జీవకంచె పనులు గ్రామ ఉపాధి పనుల్లో చేర్చాలి. కరెంటు తీగకు బలైన కూలి కుటుంబానికి పరిహారం ఇవ్వాలి. ఇంకొక జాగ్రత్త: పందుల పేరు చెప్పి పశువుల బాట, చెరువు బాట, పోరంబోకు కలుపుకుని కంచె వేసే పెద్దలూ ఉన్నారు. పందిని ఆపే కంచె కావాలి గాని, పేదవాణ్ణి ఆపే కంచె కాదు. గ్రామసభలో హద్దులు తేల్చాకే మొదటి గుంజ పాతాలి.