కోడి పంచాయితీలో బొద్దింక

కోడి ఎదుట బొద్దింక వాదన ఎన్నడూ నెగ్గదు. హైతీలో పండితుడికీ పామరుడికీ తెలిసిన సామెత ఇది. ట్రినిడాడ్‌లో కాస్త మార్చి, కోళ్ళ విందులో బొద్దింకకు హక్కేమిటి అంటారు. జమైకాలో కోళ్ళ కొట్లాటలో బొద్దింకకేం పని అంటారు. కరీబియన్ సముద్రంలో ఈ దీవి నుంచి ఆ దీవికి పోతే భాష మారుతుంది, జెండా మారుతుంది గాని ఈ రెండు ప్రాణులు మాత్రం మారవు.

సామెతల పుస్తకాలు దీనికి ఎదురుగా ఒక వాక్యం రాస్తాయి: బలవంతుడి ముందు బలహీనుడికి న్యాయం జరగదు. తప్పేమీ లేదు. కానీ అదే మాట చెరకు తోట దొర నోట వస్తే బెదిరింపు, నీ హద్దులో నువ్వుండు అని. తల్లి కొడుకుతో అంటే జాగ్రత్త. కేసు ఓడిపోయి కోర్టు మెట్లు దిగుతున్నవాడు పక్కవాడితో అంటే, అది జడ్జి ఇచ్చిన తీర్పు మీద వాడిచ్చిన తీర్పు. మూడు సందర్భాల్లోనూ మాటలు అవే. పుస్తకంలో 'అర్థం' అనే గడిలోకి ఎక్కేసరికి ఈ ముగ్గురు మనుషులూ మాయమైపోతారు. కరీబియన్ సామెతల గురించి ఇంటర్నెట్ నిండా, పుస్తకాల నిండా జాబితాలున్నాయి. వాటిని చదివినకొద్దీ నాకు కలిగిన అసంతృప్తి ఇదే.

కోర్టు అన్నది ఉబుసుపోక అనలేదు. 1869లో ట్రినిడాడ్‌లో జాన్ జాకబ్ థామస్ అనే బడిపంతులు క్రియోల్ భాషకు వ్యాకరణం రాశాడు. నల్లవాడు, సొంతంగా చదువుకున్నవాడు. అప్పటికి ఆ దీవి బ్రిటిష్ వాళ్ళ చేతికొచ్చి డెబ్బై ఏళ్ళు దాటింది. అయినా ఫ్రెంచి తోటల యజమానులూ వాళ్ళ బానిసలూ తెచ్చిన క్రియోలే జనం నోట ఆడేది. కోర్టు మాత్రం ఇంగ్లీషులో నడిచేది. సాక్షి ఒకటి చెబితే దుబాసీ మరొకటి చెప్పేవాడు. పాదిరి ప్రసంగం, బడిలో పాఠం కూడా అలాగే ఉండేవి. ఆ పరిస్థితి చూసే థామస్ కలం పట్టాడు, తన వ్యాకరణంలో సామెతలకూ చోటిచ్చాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఫ్రౌడ్ అనే పేరుమోసిన ఇంగ్లీషు చరిత్రకారుడు, నల్లవాళ్ళకు తమను తాము పాలించుకునే యోగ్యత లేదని ఏకంగా పుస్తకం రాస్తే, దానికి జవాబుగా 1889లో 'ఫ్రౌడాసిటీ' అచ్చువేసింది కూడా ఈ పంతులుగారే. అదే ఏడు లండన్‌లో కన్నుమూశాడు.

థామస్ వ్యాకరణానికి సరిగ్గా ఏడాది ముందు, 1868లో, మద్రాసులో కెప్టెన్ కార్ అనే సైనికాధికారి మన సామెతలను ఇంగ్లీషు అనువాదాలతో 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక'గా వేశాడు. ఆ పుస్తకం లేకపోతే ఎన్నో తెలుగు సామెతలు మనకు దక్కేవి కావు, ఆ రుణం కాదనలేం. అయితే పాలించేవాడు పోగుచేసిన సామెతలకూ, పాలితుడు తన సాక్ష్యం నిలబెట్టుకోవడానికి రాసుకున్న సామెతలకూ తేడా ఉంటుంది. 1910లో జమైకాలో అండర్సన్ అనే వైద్యుడు, కండల్ అనే గ్రంథాలయాధికారి కలిసి పెద్ద సంకలనం తెచ్చారు. శ్రద్ధగా చేసిన పని. ఆ తర్వాత వచ్చిన జాబితాలు సామెతలను ఎత్తి రాసుకుంటూ పోయాయి గాని, వాటిలో పొదుపు, వినయం, ఓర్పు కనిపించినంతగా కోపం కనిపించదు.

పొదుపు మాటే తీసుకుందాం. జమైకా సామెతల్లో అందరికీ తెలిసినది 'వన్ వన్ కోకో ఫుల్ బాస్కెట్'. ఒక్కొక్క కోకో వేస్తే బుట్ట నిండుతుంది. ఈ కోకో చాక్లెట్ చేసేది కాదు, మన చేమదుంపకు దగ్గరి చుట్టం. ఇవాళ ఈ మాట బడి గోడల మీద, పొదుపు ఖాతాల ప్రచారంలో నీతివాక్యంగా నిలబడింది. దాని వెనక ఉన్న నేల వేరు. జమైకాలో చాలా తోటల యజమానులు బానిసలకు తిండి పెట్టే ఖర్చు తప్పించుకోవడానికి, చెరకుకు పనికిరాని కొండవాలు చెక్కలు వాళ్ళకు వదిలేసి, మీ తిండి మీరు పండించుకోండి అన్నారు. వారమంతా దొర చేలో ఒళ్ళు విరిగాక మిగిలిన కాస్త వేళలో వాళ్ళు అక్కడ దుంపలు పాతారు, తిన్నంత తిని మిగిలింది ఆదివారం సంతకు మోశారు. 1774లో జమైకా చరిత్ర రాసిన ఎడ్వర్డ్ లాంగ్ బానిసత్వాన్ని సమర్థించినవాడు. ఆ లాంగే, దీవిలో చలామణీ అయ్యే నాణేల్లో ఐదో వంతు బానిసల చేతుల్లో ఉందని అంచనా వేశాడు. ఆ మనిషికి తన ఒళ్ళు తనది కాదు, కన్నబిడ్డ తనది కాదు. తనది అనదగ్గది ఆ బుట్ట ఒక్కటే. ఆ బుట్టలో పడే ఒక్కొక్క దుంపను లెక్కపెట్టుకున్న మాట పొదుపు పాఠంగా మిగిలింది.

ఇప్పుడు గయానాకు రండి. అదే అచ్చులో పోసిన సామెత అక్కడ 'వన్ వన్ డటీ బిల్డ్ డామ్'. డటీ అంటే మట్టి. పెళ్ళ మీద పెళ్ళ పడితే కట్ట లేస్తుంది. గయానా తీరం సముద్ర మట్టానికి దిగువన ఉంటుంది. ముందు సముద్రపు నీరు, వెనక చిత్తడి నీరు. మధ్యలో చెరకు పండాలంటే కట్టలు వేయాలి, కాలవలు తవ్వాలి. చదరపు మైలు చెరకుకు 49 మైళ్ళ మురుగు కాలవలు, 16 మైళ్ళ రవాణా కాలవలు కావలసి వచ్చాయనీ, మొత్తం అలాంటి కాలవల కోసం కనీసం 10 కోట్ల టన్నుల మట్టి కదిలి ఉంటుందనీ 1948 నాటి వెన్ కమిషన్ లెక్కగట్టింది. గయానా చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ ఆ లెక్కను తన పుస్తకంలోకి తెచ్చి, ఎప్పుడూ ఆరని బురదలో, నీళ్ళలో పారలతో ఆ బంకమట్టిని ఎత్తింది ఆఫ్రికన్ బానిసలని గుర్తుచేశాడు. జమైకా సామెతలో బుట్ట కష్టపడ్డవాడిది, గయానా సామెతలో కట్ట దొరది. రెంటికీ ఎదురుగా 'చిన్న చిన్న ప్రయత్నాలే పెద్ద ఫలితాన్నిస్తాయి' అని రాసి పేజీ తిప్పేస్తే ఆ తేడా ఎవరికి తెలుస్తుంది?

 

ఈ సామెతలు పుట్టినచోట సూటిగా మాట్లాడితే కొరడా. అందుకే చాటుగా మాట్లాడటంలో ఆ జనం ఆరితేరారు. పశ్చిమాఫ్రికా అకాన్ జాతి కథల్లోని అనాన్సీ అనే సాలీడు బానిస ఓడల్లో వచ్చి జమైకాలో కాపురం పెట్టింది ఇందుకే. ఒంట్లో బలం లేకపోయినా నాలుకతో పులిని పడగొట్టే జీవి అది. 'వెర్రివాడిలా నటించి తెలివైనవాణ్ణి పట్టు' అన్నది జమైకాలో ఎప్పటి నుంచో నలుగుతున్న మాట. దొరలు తమ బానిసల మందమతి గురించి రాసుకున్న పేజీలను ఈ ఒక్క సామెత దగ్గర పెట్టుకుని చదివితే నవ్వొస్తుంది.

'మాట విసరడం' అని ఆ దీవుల్లో ఒక విద్య ఉంది. నాలుగిళ్ళకు ఒకటే వాకిలి. ఒకామె బట్టలు ఉతుకుతూ, పక్కింటావిడ వింటుండగా, తన పిల్లనో కుక్కనో అంటున్నట్టు అనవలసినవన్నీ అనేస్తుంది. మన సూటిపోటి మాటలూ దెప్పిపొడుపులూ తెలిసినవాళ్ళకు దీని గురించి చెప్పనక్కర్లేదు. అవతలావిడ నన్నే అన్నావని మీదికొస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది: నా గింజలు నేను చల్లుకున్నాను, ఏ కోడినీ పిలవలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని మనం అంటాం. సందర్భం ఒకటే, కానీ నిలబడ్డ చోటు చూడండి. మన సామెత దొరికిపోయినవాణ్ణి చూపించి నవ్వుతుంది. వాళ్ళ సామెత మాట అన్న మనిషిని తప్పిస్తుంది. పట్టుబడితే ఏమవుతుందో బాగా తెలిసినవాళ్ళు తయారుచేసుకున్న మాట అది.

హైతీ సామెతలకు ఈ చాటు తక్కువ. 1804లో బానిసలే తిరగబడి దేశం తెచ్చుకున్నారు కాబట్టేమో, అక్కడి మాట ఎదురుగా వచ్చి నిలబడుతుంది. 'రాజ్యాంగం కాగితం, బాయొనెట్టు ఇనుము' అంటారు. 'ఫ్రెంచి మాట్లాడినంత మాత్రాన తెలివి ఉన్నట్టు కాదు' అంటారు. ఈ రెండోది మన పట్టణాల్లో కాన్వెంటు గేట్ల మీద, ఫ్రెంచి తీసేసి రాయించదగ్గది. అన్నిటికన్నా బరువైనది మాత్రం వేరే ఉంది. దెబ్బ కొట్టినవాడు మరిచిపోతాడు, మచ్చ మోసేవాడు మరవడు.

1825లో ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపి హైతీ ముందు ఒక షరతు పెట్టాడు. మీ స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తాం, మా వలసదారులు పోగొట్టుకున్న ఆస్తికి 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి. ఆ పోయిన ఆస్తిలో మనుషులూ ఉన్నారు. అంటే బానిసలుగా ఉన్నవాళ్ళూ వాళ్ళ పిల్లలూ తమ ఖరీదు తామే పాత యజమానికి చెల్లించాలి. మొదటి వాయిదాకే పారిస్ బ్యాంకుల దగ్గర అప్పు చేయవలసి వచ్చింది. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. దాని వెంట పుట్టిన అప్పులు పూర్తిగా తీరేసరికి 1947 వచ్చింది. 2003లో హైతీ అధ్యక్షుడు అరిస్టీడ్ ఆ సొమ్ము తిరిగి ఇవ్వమని అడిగితే పారిస్‌లో ఆశ్చర్యపోయారు. ఆ షరతు పెట్టిన సరిగ్గా రెండు వందల ఏళ్ళకు, 2025 ఏప్రిల్‌లో, ఈ విషయం పరిశీలించడానికి ఇరు దేశాల చరిత్రకారులతో సంఘం వేస్తామని ఫ్రాన్సు అధ్యక్షుడు మక్రాన్ ప్రకటించాడు. 'హాని చేసినవారు మరిచినా పొందినవారు మరువరు' అని జాబితాలో చదివిన పాఠకుడికి, ఆ సామెత మోస్తున్న బరువులో ఇంత లెక్క ఉందని ఎలా తెలుస్తుంది?

ఆ దీవులకు మనవాళ్ళూ వెళ్ళారు. బానిసత్వం రద్దయ్యాక 1838లో గయానాకు, 1845లో ట్రినిడాడ్‌కు, జమైకాకు ఒప్పంద కూలీల ఓడలు చేరాయి. ఎక్కువమంది భోజ్‌పురి మాట్లాడేవాళ్ళు, కలకత్తా రేవు నుంచి వెళ్ళినవాళ్ళు. మద్రాసు రేవు నుంచి వెళ్ళిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. గయానాలో అందరికీ కలిపి 'మద్రాసీలు' అని ఒకటే పేరు పడింది, వాళ్ళ భాషలు క్రమంగా క్రియోల్‌లో కలిసిపోయాయి. ట్రినిడాడ్ సామెతల్లో మాత్రం ఈ వలస ఒక గుర్తు వదిలింది: గోపాల్ అదృష్టం సీపాల్‌కు రాదు. ఒకడు చేసి తప్పించుకున్నదే మరొకడు చేస్తే దొరికిపోతాడని హెచ్చరిక. జమైకాలో దీన్నే పిల్లి అదృష్టం, కుక్క అదృష్టం ఒకటి కావంటారు. పిల్లీ కుక్కా ఉండే చోట గోపాలుడూ శ్రీపాలుడూ వచ్చి కూర్చున్నారన్నమాట. ఆఫ్రికా మూలాలున్న ట్రినిడాడ్ వాళ్ళు కూడా ఈ మాట వాడతారు, ఎవరి సామెత అని ఎవరూ అడగరు.

ఈ భాషకు సాహిత్యంలో పీట వేయడానికి చదువుకున్నవాళ్ళు చాలాకాలం ఒప్పుకోలేదు. జమైకాలో లూయిస్ బెన్నెట్, అందరూ మిస్ లూ అని పిలుచుకునే కవయిత్రి, 1940ల నుంచీ జనం భాషలోనే రాసింది. ఆమె రేడియో ప్రసంగాల్లో ఆంటీ రోచీ అనే గడుసు పాత్ర మాటకొక సామెత విసురుతుంటుంది. లాటిన్ నుంచీ ఫ్రెంచి నుంచీ మాటలు తెచ్చుకున్న ఇంగ్లీషు గొప్ప భాష అయినప్పుడు, ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న మా భాష చెడిపోయిన భాష ఎలా అయిందని నిలదీస్తుంది. అయినా 1962లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు వేసిన సంకలనంలో ఆమె కవితలను కవిత్వ విభాగంలో కాదు, చివర 'ఇతరాలు' కింద వేశారు. మరుసటి ఏడు మెర్విన్ మోరిస్ అనే యువ విమర్శకుడు, ఆమెను నవ్వుకోవడానికి కాదు, కవిగా చదవండని వ్యాసం రాయవలసి వచ్చింది.

తర్వాత కాలం ఆమె వైపు తిరిగింది. అయితే అతి గౌరవం కూడా సామెతను చదును చేస్తుంది. 'చిన్నవాళ్ళమే గాని గట్టివాళ్ళం' అనే జమైకా నానుడి ఇప్పుడు టీషర్టుల మీద ఉంది. అందులో గట్టి అనే అర్థమిచ్చే 'టల్లావా' మన క్రికెట్ అభిమానులకూ తెలుసు. 2013లో మొదలైన కరీబియన్ ప్రీమియర్ లీగ్‌లో జమైకా జట్టు పేరు టల్లావాస్. 2024లో ఆ జట్టు స్థానంలోకి ఆంటిగ్వా జట్టు వచ్చింది.

పాత సామెతలన్నీ మంచివేనన్న భ్రమ కూడా పనికిరాదు. 'చూసి గుడ్డివాడివి కా, విని చెవిటివాడివి కా' అన్నది బానిసల కాలంలో ప్రాణం కాపాడిన మాట. తోటి మనిషిని దొరకు పట్టివ్వకుండా ఆపిన మాట. ఇవాళ కింగ్‌స్టన్‌లో ముఠాల చేతికింద ఉన్న పేటల్లో హత్య కళ్ళారా చూసినవాడు సాక్ష్యానికి రాకపోవడానికీ అదే మాట చెబుతాడు. భయం నిజమే, పోలీసుల మీద నమ్మకం లేకపోవడమూ నిజమే. ఒకప్పుడు బలహీనుణ్ణి కాచిన సామెత ఇప్పుడు తుపాకీ ఉన్నవాణ్ణి కాస్తోంది. సామెతలో అక్షరం మారలేదు, దాని వెనక దాక్కునే మనిషి మారాడు.

మా పత్రికకు పాఠకులు సామెతలు పంపుతూనే ఉంటారు, ఎక్కువగా రెండు వరసల్లో: ఇటు సామెత, అటు అర్థం. వచ్చే సంచిక నుంచి మూడో వరస కూడా అడుగుతున్నాం. ఆ మాట మీరు ఎవరి నోట విన్నారు, ఎవరిని ఉద్దేశించి అన్నారు, విన్నవాళ్ళు ఏం చేశారు? ఊరి పేరు, కులం పేరు, చుట్టరికం దాచకుండా రాయండి, వ్యక్తుల పేర్లు అక్కర్లేదు. మీ అమ్మమ్మ మీ నాన్నను దెప్పిన సామెత అయినా సరే. చోటు చాలకపోతే అర్థం ఉన్న వరస తీసేస్తాం.